అమ్మకెలా ఉంది? - ఒక దొంగ టెలిగ్రాం, ఒక ఓడ, ఇద్దరు స్టోకర్లు

నా బండి బజాజ్ వి15. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొనేటప్పుడు మైలేజీ అడిగాను, టైర్లు చూశాను, ఆర్సీ చూశాను. "ఇందులో విక్రాంత్ ఓడ ఇనుము ఉంది సార్" అని అమ్మినాయన గొప్పగా చెప్తే, ధర పెంచడానికి చెప్తున్నాడులే అనుకున్నాను. సైనిక్‌పురి నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ ట్రాఫిక్‌లో ఈదేవాడికి ఏ ఓడ ఇనుమైతే ఏంటి చెప్పండి :)

అయితే అది నిజమే. ఐఎన్ఎస్ విక్రాంత్‌ను ముక్కలు చేశాక ఆ లోహం కొంత కొని ఈ బండి తయారీలో వాడామని కంపెనీ 2016లో ప్రకటించింది. ఆ ముక్క వల్లే ఈ టపా రాయాల్సి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున గేటు ముందు బండి కడుగుతుంటే, మా వెనక వీధిలో ఉండే పెద్దాయన వాకింగ్ నుంచి వస్తూ ఆగారు. డెబ్భై అయిదేళ్ళుంటాయి. రోజూ చూస్తూనే ఉంటాను, నమస్తే అంకుల్ అంటాను, అంతే. ఆయన వచ్చి పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచారు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. "ఇది మా ఓడ బాబూ" అన్నారు.

సైనిక్‌పురి గురించి తెలియని వాళ్ళకి ఒక మాట. సికింద్రాబాద్ కంటోన్మెంటుకి ఈశాన్యం వైపు, నేరేడ్‌మెట్‌కీ ఈసీఐఎల్‌కీ మధ్య ఉంటుంది మా ఏరియా. పేరులోనే సైనికుడున్నాడు. పక్కనే డిఫెన్స్ కాలనీ, వాయుపురి. 1970లో మొదలైన డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కాలేజీ కూడా ఇక్కడే. ఇప్పుడంటే కేఫులు, అపార్టుమెంట్లు వచ్చాయి గానీ, పాత ఇళ్ళ గేట్ల మీద ఇంకా కల్నల్ ఫలానా, వింగ్ కమాండర్ ఫలానా అని బోర్డులు కనిపిస్తాయి. ఎక్కువమంది ఆర్మీ వాళ్ళు, తర్వాత ఎయిర్‌ఫోర్సు. నేవీ వాళ్ళు తక్కువ. సముద్రం చూడాలంటే మూడొందల కిలోమీటర్లు పోవాల్సిన ఊళ్ళో నేవీ వాళ్ళకేం పని?

ఈయన గేటు మీద బోర్డేమీ లేదు. ఆఫీసర్ కాదు. స్టోకర్‌గా చేరి, చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరై, తర్వాత ఈసీఐఎల్‌లో రెండో ఉద్యోగం చేసి, అప్పట్లో చవగ్గా వచ్చిన ప్లాటులో ఇల్లు కట్టుకున్న మనిషి. స్టోకర్ అంటే బాయిలర్ రూములో మంట చూసుకునేవాడు. 1971లో ఆయనకి ఇరవై ఒకటి. విక్రాంత్ బాయిలర్ రూములో ఉన్నారు.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది జావా. నాలుగేళ్ళు బాయిలర్ల బొమ్మలు గీసి పరీక్షలు రాసి, నిజం బాయిలర్ ఒక్కటీ చూడకుండా ఐటీలోకి దూకిన లక్షలమందిలో ఒకణ్ణి. అందుకే ఆయన బాయిలర్ అనగానే చీపురు, బకెట్టు పక్కన పడేసి కూర్చున్నాను.

ముందు ఓడ సంగతి క్లుప్తంగా.

విక్రాంత్ మన దగ్గర పుట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1943లో, బ్రిటన్‌లోని టైన్ నది ఒడ్డున హెర్క్యులిస్ అనే పేరుతో పని మొదలుపెట్టారు. 1945 సెప్టెంబర్ 22న నీళ్ళలోకి దింపారు. అప్పటికి యుద్ధం అయిపోయింది. పని ఆపేసి, సగం ఓడని పక్కన కట్టేశారు. అలా పన్నెండేళ్ళు. 1957లో భారతదేశం దాన్ని కొని, బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో పూర్తి చేయించింది. టైటానిక్‌ను కట్టిన కంపెనీయే అది. 1961 మార్చి 4న అక్కడే విజయలక్ష్మి పండిట్ చేతుల మీదుగా విక్రాంత్ నేవీలో చేరింది. ఆ ఏడాది నవంబర్ 3న బొంబాయి చేరితే నెహ్రూ వచ్చి స్వాగతం చెప్పారు. అప్పట్లో ఆసియాలో ఇంకెవరి దగ్గరా పనిలో ఉన్న విమాన వాహక నౌక లేదు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఈ రకం తేలికపాటి నౌకల్ని బ్రిటన్ వాళ్ళు డిజైన్ చేసిందే తాత్కాలికంగా. యుద్ధం గడిస్తే చాలు, మహా అయితే మూడేళ్ళు పనిచేస్తే చాలు, తర్వాత తుక్కుకే అన్నది లెక్క. మన భాషలో చెప్పాలంటే టెంపరరీ ఫిక్స్. మీ ప్రాజెక్టుల్లో "ఈ రిలీజ్ వరకే" అని రాసిన కోడు ఎన్నేళ్ళు బతికిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. విక్రాంత్ 36 ఏళ్ళు బతికింది. అలాంటి కోడు ఊరికే బతకదని మనకి తెలుసు, వెనకాల ఎవడో ఒకడు రాత్రిళ్ళు కూర్చుని మోస్తూ ఉంటాడు.

ఆ ఓడని మోసినవాళ్ళు కింద బాయిలర్ రూముల్లో ఉండేవాళ్ళు.

*

1965 యుద్ధంలో విక్రాంత్ లేదు. మరమ్మతుల కోసం బొంబాయి డ్రై డాక్‌లో ఉంది. పాకిస్తాన్ మాత్రం దాన్ని ముంచేశామని ప్రకటించుకుంది. డాక్‌లో ఎండ కాస్తుంటే "మునిగిపోయిన" ఓడలో కూర్చుని టీ తాగుతూ ఆ వార్త వినడం ఎంత అవమానంగా ఉండేదో తన సీనియర్లు చెప్పేవారట.

1970లో అసలు దెబ్బ తగిలింది. బాయిలర్లలో అడుగున ఉండే నీటి డ్రమ్ములకి పగుళ్ళొచ్చాయి. పైన ఒక స్టీమ్ డ్రమ్ము, కింద రెండు నీటి డ్రమ్ములు, వాటిని కలుపుతూ గొట్టాలు, మధ్యలో మంట. అలాంటి బాయిలర్లు నాలుగు. ఆవిరి ప్రెషర్ చదరపు అంగుళానికి 400 పౌండ్ల లెక్కలో ఉంటుంది. మన ఇంట్లో కుక్కర్ 15 పౌండ్లకే కూత పెడుతుంది, కాబట్టి అలాంటివి ఇరవయ్యారు కుక్కర్లు ఒకదాని మీద ఒకటి అనుకోండి. ఆ ప్రెషర్‌ని పట్టి ఉంచే డ్రమ్ములో పగులు! వెల్డింగ్‌తో అతకదు. కొత్త డ్రమ్ములు ఇక్కడ దొరకవు, బ్రిటన్‌కి ఆర్డరిచ్చారు. అవి వచ్చేదాకా బాయిలర్లు వెలిగించొద్దని నేవీ హెడ్‌క్వార్టర్స్ ఆదేశం.

1971 వచ్చింది. తూర్పు పాకిస్తాన్‌లో ఏం జరుగుతోందో, శరణార్థులు ఎలా వచ్చిపడుతున్నారో అందరూ చూస్తున్నారు. యుద్ధం తప్పదని తేలిపోయింది. దేశానికున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక జెట్టీకి కట్టేసి ఉండటమా? మార్చి 1న బాయిలర్లు జాగ్రత్తగా వెలిగించారు. ప్రొపెల్లర్ నిమిషానికి 120 చుట్లు దాటకూడదని హద్దు పెట్టారు. 25 నాట్లతో పరిగెత్తాల్సిన ఓడ 14 నాట్లకి దిగిపోయింది. అంటే గంటకి 26 కిలోమీటర్లు. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి ఫ్లైఓవర్ మీద ఆర్టీసీ బస్సు దీనికంటే జోరుగా పోతుంది.

వేగం తగ్గితే ఏమవుతుందట? విమానం లేవాలంటే రెక్కల మీద గాలి కావాలి. ఓడ మీద రన్‌వే చిన్నది కాబట్టి, ఓడ గాలికి ఎదురు తిరిగి పూర్తి వేగంతో పరిగెత్తుతుంది. గాలి వేగం, ఓడ వేగం, కటపల్ట్ తోపు, మూడూ కలిస్తే విమానం లేస్తుంది. ఓడ వేగం తగ్గిందంటే ఆ మేరకి ప్రాణానికున్న మార్జిన్ తగ్గినట్టే. పైన పైలట్‌కి అది తెలుసు, కింద స్టోకర్‌కీ తెలుసు. "డ్రమ్ముకి వీపు పెట్టి నిలబడేవాళ్ళం. పగిలితే చెప్పడానికి ఎవడూ మిగలడు. మొదటి వారం భయమేసింది, తర్వాత వేడికి భయం కూడా ఆవిరైపోయింది" అన్నారు పెద్దాయన.

ఆ ఓడ తూర్పు తీరానికి వచ్చింది. అక్కణ్ణించి కథ మీలో చాలామందికి తెలుసు. నాకూ తెలుసు, ఎందుకంటే 2017లో వచ్చిన ఘాజీ సినిమా నేనూ చూశాను :) సినిమాని సినిమాగా పక్కన పెట్టి, జరిగింది చూద్దాం.

విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాన్ తన జలాంతర్గామి ఘాజీని నవంబర్‌లో కరాచీ నుంచి బంగాళాఖాతానికి పంపింది. తూర్పు నావికాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో జనం లేని ఒక మూల దాచారు. దాని బదులు ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని విశాఖ దగ్గర తిప్పుతూ, విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపించారు. పెద్ద ఓడకి సరిపడా సరుకులు కావాలని అడిగించారు. వినేవాడు విక్రాంత్ విశాఖలోనే ఉందనుకోవాలి, అదీ ప్లాను.

ఇందులో ఇంకో చిన్న ఎత్తు ఉంది. యుద్ధం అయ్యాక కృష్ణన్ తన పుస్తకంలో దాని గురించి రాసుకున్నారు. కావాలనే కోడు లేకుండా, ఎవరైనా వినేలా ఒక ప్రైవేటు టెలిగ్రాం పంపించారట. విక్రాంత్‌లో పనిచేసే ఒక సెయిలర్, జబ్బు పడ్డ తన తల్లికి ఎలా ఉందో కనుక్కుంటూ పంపినట్టు. నిజానికి అలాంటి సెయిలర్ లేడు. ఆ తల్లీ లేదు.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళకి ఘాజీ విశాఖ రేవు బయట పేలి మునిగిపోయింది. అందులో ఉన్న 93 మందీ పోయారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల అని మనం అంటాం, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ అంటుంది. ఆ తగవు ఈనాటికీ తేలలేదు. ఆ 93 మందికీ తల్లులున్నారు, అది మాత్రం కల్పితం కాదు.

డిసెంబర్ 4న విక్రాంత్ నుంచి సీ హాక్ విమానాలు లేచి కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి. తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా, మోంగ్లా. సముద్రం దారి మూసుకుపోయింది. డిసెంబర్ 16న ఢాకాలో లొంగుబాటు. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కి మహావీర చక్ర వచ్చింది.

"యుద్ధం మొత్తంలో విమానం లేవడం ఎన్నిసార్లు చూశారు అంకుల్?" అని అడిగాను.

"ఒక్కటి కూడా చూళ్ళేదు బాబూ. మేం కింద ఉంటాం కదా."

"మరి?"

"ప్రెషర్ గేజీ ముల్లు చూసేవాళ్ళం."

అది వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. కటపల్ట్ నడిచేది ఆవిరితో. ఆ ఆవిరి ఇచ్చేవి ఈ బాయిలర్లే. పైన ఒక్కో విమానాన్ని విసిరినప్పుడల్లా కింద గేజీ ముల్లు ఒకసారి జారుతుంది, మళ్ళీ మంట పెంచి పైకి తేవాలి. ముల్లు జారితే ఒక విమానం వెళ్ళిందని లెక్క. "వెళ్ళినవి ముల్లు చెప్పేది. తిరిగొచ్చినవి డ్యూటీ దిగాక పైవాళ్ళని అడిగి లెక్క సరిచూసుకునే వాళ్ళం."

దొంగ టెలిగ్రాం సంగతి ఆయనకి తెలియదు. నేను ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు నవ్వారు. తర్వాత అన్నారు: "ఆ రెండు నెలలు మా ఉత్తరాలు ఆగిపోయాయి. ఇంట్లో వాళ్ళకి మేం ఎక్కడున్నామో కూడా తెలీదు. ఉన్నోళ్ళకి కార్డు ముక్క లేదు గానీ లేనోడికి టెలిగ్రాం ఇచ్చారన్న మాట!"

*

నాకప్పట్నించీ ఆ మాటే తిరుగుతోంది. విక్రాంత్ మీద ఉన్నది వెయ్యి మందికి పైనే. 36 ఏళ్ళలో మారుతూ వచ్చిన వాళ్ళని కలిపితే ఎన్నో వేలు. చరిత్ర పుస్తకాల్లో ఎవరున్నారు? కెప్టెన్లున్నారు. 1961 మే 18న మొదటిసారి డెక్ మీద జెట్ దింపిన తహిలియానీ ఉన్నారు, తర్వాత నేవీ చీఫ్ కూడా అయ్యారు. ఉండాల్సిన వాళ్ళే, కాదనను. కానీ కింది అంతస్తు నుంచి నాకు పుస్తకంలో కనిపించిన ఒకే ఒక్క సెయిలర్, అసలు పుట్టనే లేదు.

పోనీ వాళ్ళని వాళ్ళు వెతుక్కున్నారా అంటే, అదీ అంత సులువు కాదు. ఆఫీసర్లకి క్లబ్బులుంటాయి, రిటైరయ్యాక కూడా ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది. సెయిలర్ పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో చేసి ముప్ఫై అయిదు దాటేసరికి బయటికొస్తాడు. పిల్లలు చిన్నవాళ్ళు, పింఛను చాలదు, వెంటనే రెండో ఉద్యోగం. ఒకడు కేరళ, ఒకడు పంజాబు, ఒకడు శ్రీకాకుళం. చేతిలో ఉన్నది ఒక గ్రామం, పోస్టు, జిల్లా అని రాసుకున్న డైరీ. ఇల్లు మారితే అంతే సంగతులు.

కొన్నాళ్ళు ఓడే వాళ్ళకి అడ్రసుగా ఉంది. 1997 జనవరి 31న విక్రాంత్ రిటైరయింది. 2001 నుంచి ముంబైలో మ్యూజియంగా ఉంచారు. ఈయన కూడా భార్యని, కూతుర్ని తీసుకెళ్ళి చూపించారట. బాయిలర్ రూము వైపు పోనివ్వలేదు. "నేను పని చేసింది దీని కింద" అని పాదంతో డెక్ మీద తట్టి చూపించారు.

2012లో భద్రత లేదని మ్యూజియం మూసేశారు. తుక్కు చెయ్యొద్దని కోర్టుకి వెళ్ళినవాళ్ళున్నారు, బాంబే హైకోర్టు 2014 జనవరిలో కొట్టేసింది. వేలంలో సుమారు 60 కోట్లకి పోయింది. ఆగస్టులో సుప్రీంకోర్టు సరేనంది. నవంబర్‌లో ముంబై దారూఖానాలో కోత మొదలైంది. న్యూయార్క్ వెళ్ళిన మనవాళ్ళందరూ ఇంట్రెపిడ్ ముందు ఫొటో దిగుతారు. అది 1982 నుంచి మ్యూజియంగా ఉంది. మనది నా బండి ట్యాంకు దాకా వచ్చింది. తర్వాత విరాట్‌ది కూడా అదే దారి. దాన్ని విశాఖ తెచ్చి మ్యూజియం చేద్దామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆసక్తి చూపించింది, కుదరలేదు. 2020లో అలంగ్ తుక్కు యార్డుకి పోయింది. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉందన్నదొక్కటే మనకి ఊరట.

పాత ఓడలన్నీ దాచలేమని నాకూ తెలుసు. తుప్పు పట్టే ఇనుముకి ఏటా కోట్లు పొయ్యాలి. పాత సర్వర్ ఆపేస్తాం, తప్పదు. కానీ ఆపేముందు డేటా బ్యాకప్ తీసుకుంటాం కదా? ఇక్కడ ఇనుము గురించి కోర్టుల దాకా వెళ్ళాం, మనుషుల్ని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. ఈ వయసు వాళ్ళకి ఇంకెన్నేళ్ళు టైముంది?

*

ఇక రెండో స్టోకర్ సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

మా ఆఫీసు పార్కింగులో ఒక సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉన్నారు. యాభై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు మాట. రెండేళ్ళుగా నా బండి రాగానే ఎదురొచ్చి, "ఇక్కడ పెట్టండి సార్" అని రేకుల కింద నీడ ఉన్న చోటు చూపిస్తారు. దసరా మామూలు కోసమేమో అనుకున్నాను. ఒకటి రెండుసార్లు వంద ఇవ్వబోతే తీసుకోలేదు. తక్కువిచ్చానేమో అనుకున్నాను!

పెద్దాయనతో మాట్లాడిన తర్వాతి సోమవారం ఎందుకో అనుమానమొచ్చి అడిగాను, "మీరు ఇంతకుముందు ఏం చేసేవారండీ?" అని.

"నేవీ సార్. చిల్కాలో ట్రైనింగు. తర్వాత ఇందులోనే," అని నా బండి వైపు చూపించారు. "ఎండలో ఉంటే రంగు పోద్ది కదా అని..."

రెండేళ్ళు ఆయన నీడ చూపించింది నాకు కాదు, ఓడకి.

ఆయన చేరింది 1990ల్లో, విక్రాంత్ చివరి రోజుల్లో. ఆ ఆదివారమే సైనిక్‌పురి రమ్మన్నాను. పెద్దాయన ఉదయం నుంచే గేటు దగ్గర నిలబడ్డారు. వీళ్ళిద్దరూ కలిసి పనిచేసినవాళ్ళు కాదు. ఈయన ఓడ దిగేనాటికి ఆయనింకా బళ్ళో ఉన్నారు. ఏం మాట్లాడుకుంటారో అని నేను కంగారు పడ్డాను. వాళ్ళు పేర్లు కూడా అడగలేదు.

"ఏ బ్రాంచి?"

"స్టోకర్ చీఫ్."

"బాయిలర్ రూమా, ఇంజన్ రూమా?"

"బాయిలర్ రూమే చీఫ్."

అంతే, తెలుగు, హిందీ, నేవీ ఇంగ్లీషు కలిపి మొదలైంది. ఏ నిచ్చెన ఎక్కడ మలుపు తిరుగుతుంది, ఏ పైపు తల తగులుతుంది, ఏ వాల్వు మొరాయిస్తుంది. ఇరవయ్యేళ్ళ తేడాతో ఇద్దరి నుదుటికీ అదే పైపు తగిలిందట. ఇద్దరూ నుదురు మీద ఒకే చోట చెయ్యి పెట్టుకుని నవ్వుతుంటే మా ఆవిడ టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయింది.

పెద్దాయన ముల్లు కథ ఎత్తుకున్నారు. సూపర్‌వైజర్ గారు వింటూ వింటూ అన్నారు: "మా టైముకి ముల్లు పడేది కాదు చీఫ్. కటపల్టే లేదు కదా."

నిజమే. 1980ల్లో సీ హారియర్లు వచ్చాక కటపల్ట్ తీసేసి, ఓడ ముందు భాగాన్ని పైకి ఎత్తుగా మార్చారు. విమానాలు వాటి బలంతోనే లేచిపోయేవి. కిందవాళ్ళకి ఏదీ తెలిసేది కాదు. పెద్దాయన మొహంలో కొంచెం బాధ కనిపించింది. "అయితే ఎన్ని వెళ్ళాయో మీకెలా తెలిసేది?"

"తెలిసేది కాదు చీఫ్. మీరు చెప్పేదాకా ముల్లు చూసి లెక్కపెట్టొచ్చని కూడా తెలీదు."

ఇప్పుడు వాళ్ళు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. సూపర్‌వైజర్ గారి బ్యాచ్ వాళ్ళది ఒక వాట్సాప్ గుంపు ఉంది, అందులో పెద్దాయన్ని చేర్చారు. దాని ద్వారా ఆయన పాత మెస్ మేటు ఒకాయన కేరళలో ఉన్నట్టు తెలిసింది. వీడియో కాల్ నేనే కలిపిచ్చాను. అటు ఆయనకి వినపడదు, ఇటు ఈయనకి తెర సరిగ్గా కనపడదు. పావుగంట ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అరుచుకున్నారు. అదే వాళ్ళ రీయూనియన్.

2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ నేవీలో చేరింది. పాత నంబరే ఇచ్చారు, ఆర్11. పాతది 213 మీటర్లు, ఇది 262. దాని ఒంటికి వాడిన ప్రత్యేకమైన ఉక్కుని రూపొందించింది మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్. సముద్రం లేని ఊరికి నేవీతో ఏం పని అని మొదట్లో అడిగాను కదా, నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రస్తుతానికి నేను చేస్తున్నది చిన్న పని. ఆదివారాలు ఇద్దరినీ కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేస్తున్నాను. తారీఖులు వాళ్ళు తప్పు చెప్తే పుస్తకం చూసి సరిచేసుకోవచ్చు. పైపు ఎక్కడ తగులుతుందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మీ ఆఫీసు గేటు దగ్గర కూడా ఒకాయన ఉంటారు. ఐడీ కార్డు చూపించేటప్పుడు ఈసారి ఒక్క ప్రశ్న అడిగి చూడండి, "ఎక్కడ చేశారండీ?" అని.

మొన్న రికార్డింగు అయ్యాక పెద్దాయన అన్నారు: "1971లో నేను దిగి ఇంటికెళ్తే మా అమ్మ మొదటి మాట ఏమందో తెలుసా? ఎలా ఉన్నావురా అనలేదు. ఉత్తరం ఎందుకు రాయలేదు అంది."

ఆ టెలిగ్రాం నిజంగా ఎవరో ఒకరి అమ్మకి చేరి ఉంటే బాగుండేది.